మహమ్మారి పాఠాంతరములు

మన ప్రాచీన కావ్యములను పరిష్కరించు పండితులకు ఒక మర్మము చక్కగా తెలియును. తాళపత్రములపై గ్రంథమును ఎత్తివ్రాయు లేఖకుడు ఎంతటి జాగరూకుడైనను ఎచ్చటనో ఒక యక్షరము తప్పును. వాని ప్రతిని చూచి వ్రాసినవాడు ఆ తప్పును అట్లే నిలిపి, తన వంతుగా మఱియొక తప్పును చేర్చును. కొన్ని తరములు గడచిన పిమ్మట పది యూళ్లలో దొరకిన పది ప్రతులను ఎదురెదురుగా పెట్టి చూచిన పండితుడు, ఒకే చోట ఒకే తప్పు కలిగిన ప్రతులన్నియు ఒకే మాతృకనుండి పుట్టినవని నిర్ణయింపగలడు. బ్రౌనుదొర కడపలోని తన బంగళాయందు పండితులను నియమించి, మన కావ్యముల వ్రాతప్రతులను సరిపోల్పించిన పని యీ జాతిదే. లేఖకుని దోషము పాఠకునకు విసుగు గాని, పరిష్కర్తకు అదియే దారి చూపు దీపము.

2020వ సంవత్సరారంభమునుండి లోకమును పీడించిన కోవిడు మహమ్మారిని శాస్త్రజ్ఞులు వెంబడించిన విధము అచ్చముగా ఇట్టిదే. ఆ వైరసు 29,903 అక్షరముల గ్రంథము. అందు వాడబడు అక్షరములు నాలుగే: ఎ, సి, జి, యు. మనుష్యుని శరీరకణములో ప్రవేశించి ఆ గ్రంథము తన్ను తానే ఎత్తివ్రాయించుకొనును. వ్రాతలో తప్పులు దొరలును. ఒకరినుండి యొకరికి సంక్రమించుచు పోవు ఒక శాఖయందు నెలకు సుమారు రెండక్షరముల మార్పు నిలిచిపోవుచుండెనని తొలి యేటి లెక్క. మార్పులలో పెక్కు నిష్ప్రయోజనములు. కొన్ని వైరసునకే హానికరములు. ఎప్పుడో యొకటి దానికి క్రొత్త బలము నిచ్చును. శాస్త్రజ్ఞులు వేరియంటు అని పిలుచునది మన పండితుల పాఠాంతరమే.

ఈ గ్రంథమును చదువుట యెట్లు? రోగి ముక్కునుండి తీసిన నమూనాలోని వైరసు లిపిని మొదట స్థిరమైన డి.ఎన్.ఎ. రూపమునకు మార్చెదరు. పిమ్మట దానిని ఒక్కొక్కటి సుమారు 400 అక్షరములుగల, ఒకదానిపై నొకటి కొంచెము అతివ్యాపించు నూటికి సమీపమైన తునకలుగా చేసి, ప్రతి తునకకును కోట్లకొలది నకళ్లు తీసెదరు. యంత్రము వానిని చదువును. గణకయంత్రము వానిని వరుసగా అతికించును. ఈ తునకలు చేయు పద్ధతిని ఇంగ్లండులోని జాషువా క్విక్ మొదలగువారు 2020 జనవరిలోనే సిద్ధపఱచి, ఎవరైనను వాడుకొనవచ్చునని లోకమునకు ఉచితముగా నిచ్చిరి. అరచేతిలో పట్టు చదువుయంత్రములను గూడ అంతకుముందే, 2015లో, ఎబోలా సోకిన గినీ దేశమునకు ప్రయాణపు పెట్టెలలో పెట్టుకొని పోయినవారు వీరే.

ఈ విద్య యెంత వడిగా పెరిగినదో తెలియుటకు ఒక పోలిక చాలును. 1918లో మనదేశమున కోటికి పైగా ప్రాణములను హరించిన ఇన్‌ఫ్లుయెంజా వైరసు లిపి సంపూర్ణముగా చదువబడినది 2005లో, అనగా 87 ఏండ్లకు. కోవిడు వైరసు లిపిని చదువుటకు షాంఘై ప్రయోగశాలకు పట్టినది సుమారు 40 గంటలు.

అయినను యంత్రముల వర్ణనము ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము కాదు. చదువుట యొకటి, చదివినదానిని పదిమందికి చెప్పుట మఱియొకటి. మొదట చెప్పినవారికి లోకము చేసిన మర్యాద యెట్టిదో చదువరులు తెలిసికొనవలెను.

షాంఘైలోని ఆచార్య జాంగ్ యోంగ్‌జెన్ ప్రయోగశాలకు 2020 జనవరి 3న వూహాన్ నగరమునుండి ఒక రోగి నమూనా వచ్చెను. జనవరి 5 నాటికి లిపి యంతయు చదువబడినది. అది పూర్వమెన్నడును మనుష్యులలో కనబడని వైరసనియు, 2003లో భయపెట్టిన సార్సునకు దగ్గఱ చుట్టమనియు జాంగు వెంటనే గ్రహించి పై యధికారులకు తెలిపెను. అయితే ప్రయోగశాలలు తమ ఫలితములను అనుమతి లేక ప్రకటింపరాదని ప్రభుత్వపు టాజ్ఞ యుండెను. ఆఱు దినములు గడచెను. జనవరి 11న జాంగు బీజింగునకు పోవు విమానములో కూర్చుండియుండగా, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునుండి అతని మిత్రుడు ఎడ్వర్డు హోమ్స్ టెలిఫోను చేసి, లిపిని ప్రకటింపవచ్చునా యని అడిగెను. విమానము కదలబోవుచుండెను. జాంగు క్షణకాల మాలోచించి సరే యనెను. హోమ్స్ దానిని వైరసుశాస్త్రజ్ఞులందరును చూచు ఒక బహిరంగ స్థలమున ఆ దినమే నిలిపెను.

ఆ యనుమతివలన కలిగిన ఫలము చిన్నది కాదు. రెండు దినములకు, జనవరి 13న, అమెరికాలోని మోడెర్నా సంస్థ తన టీకాకు కావలసిన అక్షరక్రమమును నిశ్చయించుకొనెను. మార్చి 16న ఆ టీకా తొలి మనుష్యునకు వేయబడెను. వైరసు ఒక్క కణమైనను వారి చేతికి రాకమునుపే, అక్షరములను బట్టియే పని మొదలైనది. వ్యాధినిర్ణయ పరీక్షలును దేశదేశముల ఆ లిపిని ఆధారము చేసికొనియే తయారైనవి.

జాంగునకు లభించిన ఫలము వేఱు. ప్రకటించిన మఱునాడే, జనవరి 12న, అతని ప్రయోగశాలను సవరణల పేరిట మూయించిరి. 2024 ఏప్రిలులో అతనిని మఱియొకసారి ప్రయోగశాలనుండి వెడలగొట్టజూడగా, ఆ శాస్త్రజ్ఞుడు నిరసనగా దాని వాకిటనే పండుకొనెను. ఆ చిత్రము లోకమంతట ప్రకటితమైన పిదప, పని కొనసాగించుకొనుటకు తాత్కాలికముగా అంగీకరించిరని అతడు తెలిపెను. కోట్లకొలది ప్రాణములను కాచిన టీకాలకు తొలి యక్షరము నందించినవానికి దక్కిన గౌరవ మిది.

బ్రిటను కథ కొంత త్వరగా చెప్పవచ్చును. అచ్చట 2020 మార్చిలోనే 2 కోట్ల పౌండ్లతో విశ్వవిద్యాలయములను, ఆసుపత్రులను, ప్రయోగశాలలను కూర్చి షారన్ పీకాక్ నాయకత్వమున ఒక సంఘము నేర్పఱచిరి. ఆ నవంబరులో దేశమంతట తలుపులు మూయించినపుడు ఇతర మండలములలో వ్యాధి తగ్గినను కెంటు మండలములో మాత్రము పెరుగుచుండెను. కారణము వెదుకగా, సెప్టెంబరులో తీసిన నమూనాలలోనే ఉండి, అసాధారణమైన సంఖ్యలో మార్పులు గల యొక శాఖ బయటపడెను. అదృష్టవశమున దానిని గుర్తించుటకు ఒక కొండగుర్తును దొరకినది. వాడుకలోనున్న యొక పరీక్ష వైరసు గ్రంథమున మూడు చోట్ల చూచును. ఈ క్రొత్త శాఖయందు అక్షరములు కొన్ని లోపించుటచే రెండు చోట్ల వెలిగి, మూడవచోట చీకటిగా నుండెను. కావున ప్రతి నమూనాను సాంతముగా చదువకయే దాని వ్యాప్తిని లెక్కింపగలిగిరి. డిసెంబరులో ఈ సంగతి ప్రకటించినంతనే ఫ్రాన్సు సరిహద్దును మూసెను. కెంటు దారులలో వేలకొలది సరకుబండ్లు క్రిస్మసు పండుగనాడు నిలిచిపోయినవి. పత్రికలు దానికి బ్రిటిషు వేరియంటని నామకరణము చేసినవి.

ఇంక మన తెలుగుదేశపు ముచ్చట. 2020 డిసెంబరులో భారత ప్రభుత్వము పది ప్రయోగశాలలను చేర్చి ఇన్సాకాగ్ అను సంఘమును స్థాపించెను. అందు రెండు హైదరాబాదులోనివి: కణజీవశాస్త్రమునకు ప్రసిద్ధమైన సి.సి.ఎం.బి., మఱియు సి.డి.ఎఫ్.డి. వ్యాధి నిర్ధారణ యైనవారిలో నూటికి ఐదుగురి నమూనాలను చదువవలెనని సంకల్పము. 2021 మార్చి 24న కేంద్ర ఆరోగ్యశాఖ చేసిన ప్రకటన ప్రకారము అప్పటికి రాష్ట్రములు పంపిన నమూనాలు 10,787. దేశమున అప్పటికి వ్యాధిగ్రస్తులుగా లెక్కకెక్కినవారు కోటిపదిలక్షలకు పైబడిరి. సంకల్పమునకును సాధనకును నడుమ నున్న దూరమును చదువరులే కొలుచుకొనవచ్చును.

అదే ప్రకటనలో మన ప్రాంతమునకు సంబంధించిన యొక వాక్యము గలదు. ఎన్ 440 కె అను మార్పు ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన నమూనాలలో నూటికి 33 వంతులలోను, తెలంగాణమునుండి చదివిన 104 నమూనాలలో 53 యందును కనబడినదని. ఈ పేరు వినుటకు మంత్రాక్షరమువలె నున్నను అర్థము సులభము. వైరసు మన కణములను పట్టుకొను ముల్లునకు స్పైకు ప్రొటీనని పేరు. ఆ ప్రొటీనులో 440వ స్థానమున ఆస్పరజిన్ అను పదార్థమునకు బదులు లైసిన్ అను పదార్థము వచ్చి చేరినది. అంతియే. ఒక పద్యములో ఒక పదము మాఱినట్లు. మాఱిన పదము రసమును పెంచినదో చెఱచినదో పద్యమంతయు చదివినగాని తెలియనట్లే, ఒక్క మార్పును బట్టి వ్యాధి ఉగ్రమగునో కాదో తెలియదు. అందులకు ఆ వైరసు సోకినవారిలో ఎంతమంది ఆసుపత్రి పాలైరి, ఎంతమంది కోలుకొనిరి అను లెక్క వేఱుగా కావలెను. ఆ ప్రకటన సైతము, కనబడిన వేరియంటుల సంఖ్య కొన్ని రాష్ట్రముల వ్యాధివృద్ధికి కారణము చెప్పుటకు చాలదని స్పష్టముగా పలికినది.

మే నెల వచ్చెను. మే 1న దేశమున ఒక్కనాటి క్రొత్త రోగుల సంఖ్య నాలుగు లక్షలు దాటెను. ఊపిరాడక జనులు ఆసుపత్రుల వాకిళ్లలో ప్రాణములు విడుచుచున్న దినములవి. అట్టి సమయమున, కర్నూలులో పుట్టిన యొక ఏపీ స్ట్రెయిన్ కలదనియు, అది తక్కినవానికంటె పదునైదు రెట్లు ఘోరమనియు వదంతి పుట్టి పత్రికలకును, టెలివిజనునకును ఎక్కెను. దీనికి మూలము, ప్రయోగశాలలోని కణములలో ఆ మార్పు గల వైరసు అధికముగా వృద్ధియైనదని తెలిపిన యొక పరిశోధనము. గాజుపాత్రలోని కణములు వేఱు, మనుష్యులు వేఱు అను మాట ఆ సందడిలో ఎవరికిని పట్టలేదు. ఎన్ 440 కె కనబడు నమూనాలు నానాటికి తగ్గిపోవుచున్నవనియు, దాని స్థానమును వేఱు రకము ఆక్రమించుచున్నదనియు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఆ వేఱు రకము, మార్చి ప్రకటనలోనే, మహారాష్ట్రమున నూటికి 15 మొదలు 20 వంతుల నమూనాలలో జంటమార్పులతో కనబడినదని చెప్పబడిన శాఖ. లోకము తరువాత డెల్టా అని పిలిచినది దాని సంతానమునే.

అయినను మే 6న ఢిల్లీ అధికారులు ఆంధ్ర, తెలంగాణములనుండి వచ్చు ప్రయాణికులను 14 దినములు ప్రత్యేక స్థలములలో నిర్బంధించి యుంచవలెనని యుత్తరువు చేసిరి. టీకా రెండు మోతాదులు పడినవారికిని, రోగము లేదని పరీక్షాపత్రము గలవారికిని కొంత సడలింపు నుండెను. ఆ దినములలో ఢిల్లీ నగరమే డెల్టా మంటలలో కాలుచుండెనని మఱువరాదు. ఇల్లు కాలుచుండగా పొరుగూరి నిప్పుకణిక లోనికి రాకుండ తలుపు బిగించుకొన్నట్లుండెను. ఈ మార్పు మన ప్రాంతమున విశేషముగా కనబడుటకు, మన ప్రాంతపు నమూనాలను చదువు ప్రయోగశాలలు హైదరాబాదున నుండుటయు ఒక కారణమై యుండవచ్చునని నా యభిప్రాయము. చదువనిచోట ఏ పాఠాంతరమును కనబడదు.

వ్యాధి పేరును ఉచ్చరించినవారికే వ్యాధిని అంటగట్టు నలవాటు మన గృహములకు క్రొత్తది కాదు. ఆడపిల్లకు పెండ్లి కాదను భయమున క్షయ యను మాటను ఇల్లు దాటనీయని కుటుంబము లెన్ని? దగ్గు పాతబడువఱకు వైద్యుని పిలువక, పిలిచినను వెనుకదారిన రప్పించి, చివరకు ఆ పిల్లనే పోగొట్టుకొన్నవారెందఱు? కోవిడు దినములలో పెక్కు పట్టణములలో రోగుల యిండ్ల గోడలకు కాగితములంటించిరి. ఆ కాగితమును చూచి పాలవాడు రాడు, పనిమనిషి రాదు, ఇరుగుపొరుగువారు కిటికీలు మూసికొందురు. దానికి వెఱచి జ్వరమున్నను పరీక్షకు పోనివారు పుట్టిరి. విపత్తుల చట్టము క్రింద తగిన యధికారి యాజ్ఞ లేనిదే అట్టి కాగితము లంటింపరాదని 2020 డిసెంబరు 9న సుప్రీముకోర్టు చెప్పవలసి వచ్చెను. ఇంటికి కాగిత మంటించినట్లే రాష్ట్రమునకు, దేశమునకు కూడ అంటించుచున్నారు. కాగితము పరిమాణమే వేఱు.

ఇన్సాకాగ్ శాస్త్రజ్ఞులు సంగతి దాచిరా యనిన, లేదు. క్రొత్త వేరియంటును గూర్చి మార్చి యారంభముననే అధికారులను హెచ్చరించితిమని వారిలో కొందఱు రాయిటర్సు వార్తాసంస్థకు తెలిపిరి. ఆ మార్చిలోను ఏప్రిలులోను ఎన్నికల సభలును, కుంభమేళా స్నానములును యథాప్రకారము జరిగినవి. ఆ సంఘపు శాస్త్రసలహాదారుల అధ్యక్షుడు షాహిద్ జమీల్ మే నెలలో తన పదవిని విడిచెను. చదివినది చదువుగానే నిలిచిపోయినపుడు యంత్రములు ఎన్ని యున్న నేమి?

పేరు విషయమున మన ప్రభుత్వపు నడతలో ఒక వినోదము గలదు. విదేశ పత్రికలు డెల్టాను ఇండియా వేరియంటనుట మే నెలలో మనవారికి కష్టము తోచెను. ప్రపంచారోగ్యసంస్థ అట్టి పేరు వాడలేదని ఆరోగ్యశాఖ ప్రకటించెను. సామాజిక మాధ్యమములలో ఆ పేరు గల వ్రాతలను తొలగింపవలెనని మఱియొక శాఖ కోరెను. కోరుట న్యాయమే. కాని మార్చి 24 నాటి మన ప్రకటనయే తక్కిన శాఖలను యు.కె., దక్షిణాఫ్రికా, బ్రెజిలు పేరులతో లెక్కించియుండెను! మే 31న ప్రపంచారోగ్యసంస్థ దేశనామములకు బదులు గ్రీకు అక్షరములను నియమించి యీ తగవును కొంత తీర్చినది. బ్రిటనులో కనబడినది ఆల్ఫా, దక్షిణాఫ్రికాలో కనబడినది బీటా, మనదేశమున కనబడినది డెల్టా. నవంబరులో వంతు వచ్చిన రెండక్షరములను దాటవేసిరి. న్యూ అనునది ఆంగ్లమున క్రొత్త యను మాటతో కలిసిపోవుననియు, క్షీ యనునది పలువురి యింటిపేరనియు కారణము చెప్పిరి. అట్లు వచ్చిన పేరు ఒమిక్రాన్.

పేరు మాఱినను పద్ధతి మాఱలేదని ఆ ఒమిక్రానే చూపినది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికాలోని గౌటెంగు ప్రాంతపు పరీక్షలలో మరల ఆ పాత కొండగుర్తు, మూడింట ఒకచోటి చీకటి, అకస్మాత్తుగా పెరుగజొచ్చెను. అదే సమయమున బోట్స్వానాలో సిఖులీలే మోయో అను శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో చదివిన లిపియందు మునుపెన్నడును చూడనన్ని మార్పులను కనుగొనెను. నవంబరు 25న ట్యూలియో డి ఒలివేరా మొదలగు దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు పత్రికల యెదుట సంగతి యంతయు చెప్పిరి. మఱునాడే ప్రపంచారోగ్యసంస్థ దానికి పేరు పెట్టెను. తొలి నమూనాలు తీసి రెండు వారములు మాత్రమే యైనది. అంతటి వేగము, అంతటి నిష్కాపట్యము అంతకుముందు ఈ మహమ్మారి చరిత్రలో అరుదు.

బదులుగా వారికి దొరకినదేమి? ఆ రాత్రియే బ్రిటను ఆఱు దక్షిణాఫ్రికా ఖండదేశముల విమానములను నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. యూరపు దేశములును, అమెరికాయు ఆ వరుసనే నడచినవి. విమానములు నిలిచిన పిదప లిపిని చదువుటకు కావలసిన రసాయనములు సైతము చేరుట కష్టమగునని డి ఒలివేరా మొఱపెట్టెను. బోట్స్వానాలో తొలుత దొరకిన నమూనాలు ఆ దేశీయులవి కావు; పరదేశములనుండి వచ్చిన దౌత్యోద్యోగులవి. ఇంతలో నెదర్లాండ్సువారు తమ పాత నమూనాలను మరల తీసి చూచుకొనగా, నవంబరు 19న, 23న తీసినవానిలో ఒమిక్రాన్ బయటపడెను. దక్షిణాఫ్రికావారు నోరు తెఱచుటకు ముందే అది యూరపులో కాపురముండెను. విమానములు నిలిపినవారు ఎవరి తలుపు మూసిరో?

చెప్పినవారికి నష్టము, వినినవారికి లాభము అను ఈ తగవు కోవిడుతో పుట్టినది కాదు. 2007లో ఇండోనేషియా ఆరోగ్యమంత్రి సితి ఫదీలా సుపారి తమ దేశపు పక్షిజ్వరపు వైరసులను ప్రపంచారోగ్యసంస్థకు పంపుట మానివేసిరి. మా రోగుల వైరసులతో ధనికదేశముల కంపెనీలు టీకా చేసి, మేము కొనలేని వెలకు మాకే యమ్ముట యేమి న్యాయమని ఆమె వాదము. వైరసులను దాచుట మంచిది కాదని ఆమెను నిందించిన శాస్త్రజ్ఞులు పలువురు. కాని ఆ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పినవారు తక్కువ. లిపిని ఇచ్చినవారి పేరును, హక్కును గుర్తించుచు పంచుకొనుటకై 2008లో వెలసిన గిసెయిడ్ అను భాండారము ఆ కలహపు ఫలములలో నొకటి. కోవిడు కాలమున దేశదేశముల చదువరులు తమ లిపులను లక్షలకొలది చేర్చినది అందే.

2025 మే 20న జెనీవాలో ప్రపంచదేశములు మహమ్మారులను గూర్చి యొక ఒడంబడికను అంగీకరించినవి. వైరసు నమూనాను గాని లిపిని గాని ఇచ్చిన దేశమునకు దానివలన తయారైన టీకాలలో, మందులలో భాగ మెట్లు ముట్టవలెనో నిర్ణయించు అనుబంధమును మాత్రము ఆనాడు వ్రాయలేక, తరువాతి చర్చలకు విడిచిరి.